తుమ్మచేవ ఇంజను

నెమలిగుట్ట దొరకు రైలు మీద మోజు పుట్టింది. దొరకు మోజు పుడితే ఊళ్లో ఎవరిదో ఒకరి నడుం విరగాలి. ఆ ఏడు విరగాల్సిన నడుం వడ్రంగి పని చేసే వడ్ల ఉప్పలయ్యది.

దొర పట్నం పోయినప్పుడు ఎవరో నవాబు ఇంట్లో బల్ల మీద గిరగిరా తిరిగే బొమ్మ రైలు చూశాడట. అది విలాయతి నుంచి ఓడ మీద వచ్చిందట. చూసిన దగ్గర్నుంచి ఆయనకు అన్నం సయించలేదు. అలాంటిది కోటలాంటి తన గడిలోనూ ఉండాలి, వచ్చిన చుట్టాలు నోరు తెరవాలి. కానీ అంత సొమ్ము పోసి కొనడానికి మాత్రం చేతులు రాలేదు. చేతులు రానప్పుడు దొరలకు వెట్టి గుర్తొస్తుంది.

ఉప్పలయ్యను పిలిపించి తన గదిలో తూర్పు గోడకున్న గూడు చూపించాడు. మూరెడు వెడల్పు, జానెడు లోతు. ఏళ్ల తరబడి ఆముదం దీపం పెట్టి పెట్టి లోపలంతా మసిబారి ఉంది.

"అరే ఉప్పలిగా, రైలు చూసినవారా?"

"లేదు దొరా, నీ బాంచెను. గాలి ఇటు మల్లినప్పుడు ఒకపారి కూత విన్న."

"పొయ్యి చూసి రా. ఈ గూట్లె నాకు రైలు తిరగాలె."

ఉప్పలయ్య గూటి వైపు చూశాడు, దొర కాళ్ల వైపు చూశాడు. "గింత గూట్లెనా దొరా?"

"గూడు పెద్దగ కావాల్నంటే గోడ పలగ్గొట్టాలె. గోడ కంటె నీ నెత్తి పలగ్గొట్టుడు అల్కగైతది. ఏమంటవ్?"

ఏమంటాడు? రుమాలు చంకలో పెట్టుకుని, వంగిన నడుం వంగినట్టే వెనక్కి నడిచి బయటికొచ్చాడు. ఇంట్లో భార్య యాకమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "మనింటి తలుపుకు గొళ్లెం లేదు. దొర గూటికి రైలు కావాల్నట రైలు!" అని పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఆ కోపమంతా కట్టె మీదే చూపించాల్సి వచ్చింది పాపం, దొర మీద చూపించే వీలు ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

ఉప్పలయ్య కురవి మీదుగా మానుకోట స్టేషనుకు నడిచిపోయాడు. బండి రాగానే అందరూ ఎక్కే తొందరలో ఉంటే, ఈయన మాత్రం వంగి చక్రాలు చూడడం మొదలుపెట్టాడు. స్టేషను ఎదుట కందిళ్లు, దీపపు బుడ్లు చేసే మజీద్ అనే ఆయన కొట్టులోంచి ఇదంతా గమనించాడు.

"ఏం భాయ్, రైలుకు పిల్లనిస్తవా ఏంది, గట్ల చూస్తున్నవ్?" అని నవ్వాడు.

ఉప్పలయ్య తన తిప్పలు చెప్పుకున్నాడు. మజీద్ కొట్టు ముందు చాప వేసి పడుకోనిచ్చాడు, తనతో పాటు రొట్టె పెట్టాడు. దొర ఇంట్లో పాడైపోయిన గోడ గడియారం ఉందని విని, దాని లోపలి స్ప్రింగు చుట్ట ఎలా తీయాలో, అది ఎంత మెల్లగా విప్పుకుంటుందో రేకు ముక్క చుట్టి చూపించాడు. "కీ ఇస్తే చాలు. బొగ్గు వద్దు, నీళ్లు వద్దు. నీ రైలు దొర లెక్కనే ఒక్క పని చెయ్యకుండ తిరుగుతది" అన్నాడు. ఉప్పలయ్య అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని అప్పుడు నవ్వాడు.

రైలును తిప్పడం పెద్ద పని కాదని ఆయనకు అక్కడే అర్థమైంది. కష్టమంతా గూటితోనే. మూరెడు చోటులో గుండ్రంగా పట్టాలేసి తిప్పితే చూసేవాడికి గానుగెద్దు కనిపిస్తుంది తప్ప రైలు కనిపించదు. ఎటు పోతుందో ఎటునుంచి వస్తుందో తెలిసిపోయాక రైలు ఎందుకు? ఈ బెంగతోనే ఆయన పట్టాల పక్కన కూర్చున్న రోజున, డోర్నకల్ వైపు పోయే బండి ఒక గుట్ట చాటుకు పోయింది. కనపడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆయన మెడ చాచి చూశాడు. అవతల పొగ లేచింది, ఇంజను బయటపడింది. సగం పట్టాలు దాచేస్తే జానెడు గూడు కోసెడు దూరం అవుతుందని ఆయనకు ఆ క్షణాన తోచింది, ఎవరూ చెప్పకుండానే.

ఇంటికొచ్చాక ఆయన మనిషి మనిషిలా లేడు. వెదురు ఈనెలు చీల్చి, మసి పూసి పట్టాలు చేశాడు. చీపురు పుల్లల ముక్కలు కోసి వాటి కింద అడ్డకర్రలుగా పరిచాడు. సున్నం, ఊక కలిపి గూటి వెనక సగాన గుట్ట లేపాడు. గింజలు రాలిన జొన్నకంకులు విరిచి చెట్లుగా నాటాడు. యాకమ్మ అద్దం పగిలిపోతే అందులో ఒక ముక్క తెచ్చి గూటి పక్కగోడకు అతికించాడు. అంతే, పట్టాలు అద్దంలోకి పోయి ఇంకో ఊరికి పోతున్నట్టు కనిపించాయి. గడియారం చుట్టను అట్టడుగున దాచి, దానికి ఒక చెక్క బిళ్ల బిగించి, ఆ బిళ్లకు రైలును సన్నటి మేకుతో తగిలించాడు. ఇక ఇంజను ఒక్కటే మిగిలింది.

ఇక్కడే ఒక పాపం జరిగింది.

ఊళ్లో కొమురవ్వ అనే ముసలమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, కాస్త మెట్ట చెలక ఉంది. ఆ చెలకలో ఎదిగిన తుమ్మచెట్టు కొట్టించి, కొత్త నాగలి చెయ్యమని మొద్దును ఉప్పలయ్య వాకిట్లో పడేయించింది. మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందే కావాలి. వాన పడ్డాక ఒక్క వారం అటూ ఇటూ అయినా ఆ చెలకలో జొన్న జొన్న కాదు. ఉప్పలయ్య మొద్దు చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కుతుంటే నడిమి చేవ బయటపడింది. ఇనుములా బరువు, కాటుకలా నలుపు. ఆయన చేతిలో బాడిశ ఆగిపోయింది. అది నాగలి కాదు, ఇంజను అని ఆయన కంటికి కనిపించింది. ఆ ముక్క కోసి రొంటిన దోపుకుని గడికి పోయాడు. కొమురవ్వ నాగలి సగం చెక్కి వాకిట్లోనే బోర్లా పడి ఉంది.

రోహిణి ఎండలు పోయాయి, మిరుగం వచ్చింది, వాన పడింది. కొమురవ్వ కర్ర పొడుచుకుంటూ రోజూ వచ్చేది. "కొడకా ఉప్పలయ్యా, నా నాగలేమాయె?" "రేపు అవ్వా. దొర పని మీద ఉన్న, నేనేం జెయ్యాలె?" ఆమె దొర పేరు వినగానే నోరు మూసుకుని పోయేది. దొర పని అంటే గడికి తలుపో పల్లకీయో అనుకుంది. రైలు సంగతి ఊళ్లో యాకమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, చెప్తే చర్మం ఒలుస్తానని దొర ముందే అన్నాడు. కానీ నిజం నిజంగానే చెప్పుకోవాలి. ఆ రోజుల్లో దొర పిలవకపోయినా ఉప్పలయ్య గడికి పోయేవాడే. వెట్టి అని పేరు పెట్టుకుని తన ఇష్టాన్ని తాను దాచుకున్నాడు.

ఆ ఏడు కొమురవ్వ అరువు నాగలి దొరికేసరికి అదను దాటిపోయింది. చొప్ప తప్ప కంకి రాలేదు.

ఉప్పలయ్య ఇంట్లో తాతల నాటి అలవాటు ఒకటుంది. తాము చేసిన ప్రతి నాగలి అడుగున బొటనవేలి గోరంత ఉలిగాటు పెడతారు. పంట వచ్చాక కల్లం దగ్గరికి పోయి, గాటు చూపించి, నాగలికి ఇన్నని గింజలు తెచ్చుకుంటారు. గాటు ఉంటే ఈ పని మాది, మాకు రావాల్సింది పెట్టు అని చెప్పినట్టు. అందుకే దొర ఇంటి పనికి గాటు పెట్టరు. వెట్టి పనికి గాటు పెట్టడమంటే దొరను గింజలు అడిగినట్టే, అడిగిన నోరు ఆ తర్వాత తినడానికి పనికిరాదు. ఉప్పలయ్య తండ్రి గడికి ఎన్ని తలుపులు చేశాడో, ఒక్కదానికీ గాటు లేదు.

ఇంజను పూర్తయిన రోజు ఉప్పలయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నాలుగు వేళ్ల పొడుగు లేదు. పొగ గొట్టం, పక్కన కడ్డీలు, తిరిగే చక్రాలు అన్నీ ఉన్నాయి. తాను ఇంతకు ముందు ఇంత మంచి పని చేయలేదు, ఇక ముందు చేయలేడు కూడా. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఉలి తీసి ఇంజను పొట్ట కింద గోరంత గాటు పెట్టాడు.

రైలు తిరిగింది. దొర కుర్చీ గూటి ముందుకు లాగించుకుని పొద్దుగూకేదాకా చూశాడు. చుట్టాలు వచ్చారు, పక్క ఊళ్ల దొరలు వచ్చారు, పోలీసు అమీను వచ్చాడు. గుట్ట చాటుకు రైలు పోతే అందరూ మెడలు చాచేవాళ్లు, బయటికి వస్తే చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు విని మూల నిలబడ్డ ఉప్పలయ్య గుండె ఉబ్బేది.

"ఎవరు చేసిండ్రు దొరా, గింత ముద్దుగ?" అని అడిగాడొక పెద్దమనిషి.

"మనోళ్లతోని ఏమైతది? విలాయతి నుంచి తెప్పించిన" అన్నాడు దొర, కన్నార్పకుండా.

"మరి వీడెవడు?"

"వీడా? కీ ఇచ్చేటోడు."

ఉప్పలయ్య ఆ పూట ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఏమైందని యాకమ్మ అడిగింది. ఏమని చెప్తాడు? కూలి ఇయ్యలేదని ఏడవడానికి లేదు, ఎప్పుడిచ్చారు కనుక! ఉప్పలయ్య చేశాడు అన్న ఒక్క మాటకు ఆయన ప్రాణం కొట్టుకుంది. ఆ ఒక్క మాట దొర నోటి నుంచి రాలేదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా గడి నుంచి మనిషి వచ్చేవాడు, ఉప్పలయ్య పోయి కీ ఇచ్చేవాడు, విలాయతి మాట విని వచ్చేవాడు. దొరసాని నోట, గడి దాసీల నోట ఆ మాట ఊళ్లోకి కూడా పాకింది. నెమలిగుట్ట అంతా దొర గూట్లో విలాయతి రైలు ఉందనే అనుకుంది.

తర్వాత కాలం మారింది. జనగామ వైపు నుంచి సంఘం మాట గాలిలా వచ్చింది. వెట్టి చెయ్యం, అప్పు గింజలకు నాగు వడ్డీ కట్టం అని జనం కర్రలు పట్టారు. నెమలిగుట్టలో సంఘానికి పెద్ద సాయిలు. గొర్లు కాచుకునే మనిషి, మాట నెమ్మది, పట్టు గట్టిది. దొర రజాకార్లను తెస్తానని బెదిరించాడు, తెచ్చాడు కూడా. కానీ చుట్టూ ఊళ్లు ఒక్కటై లేచేసరికి ఆయనే సందూకులు బండికెత్తుకుని పట్నం పారిపోయాడు. ఆ మర్నాడు పట్టపగలు జనమంతా గడి మీద పడ్డారు.

సంఘం కట్టడి ఒకటే. గింజలు అందరికీ పంచాలి, అప్పు కాగితాలు కాల్చాలి, గడి సొమ్ము సూదంతైనా ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. ఉప్పలయ్య కూడా బాడిశ పట్టుకుని గుంపులో పరుగెత్తాడు. అందరూ గింజల గరిసెల వైపు పోతే ఆయన కాళ్లు మాత్రం తూర్పు గది వైపు తీసుకుపోయాయి. గూటికి అడ్డంగా నిలబడ్డాడు. వెనకనే గొడ్డలితో సాయిలు, ఇంకో పదిమంది వచ్చారు.

"పక్కకు జరుగన్నా. దొరోని ఆటబొమ్మ ఇంకెందుకు?"

"సాయిలన్నా, జర ఆగు. గిది నేను చేసిన."

"నువ్వా?" సాయిలు నవ్వాడు. "విలాయతిది అని దొరసాని చెప్పంగ మేం వినలేదా?"

"నా పిల్లల మీద ఒట్టు. నేనే చేసిన. చూడుండ్రి."

కీ ఇచ్చాడు. రైలు కదిలింది. గొడ్డళ్లు పట్టుకున్న చేతులు అలాగే ఆగిపోయాయి. గుట్ట చాటుకు పోయింది, అందరూ మెడలు చాచారు. బయటికొచ్చింది. "వచ్చింది, వచ్చింది!" అని ఆడవాళ్లు కేకలేశారు. జన్మలో రైలు చూడనివాళ్లు వాళ్లు. ఉప్పలయ్య కళ్ల వెంట నీళ్లు కారాయి. తన పనిని తనవాళ్లు చూస్తున్నారు. తాను చేశానని విని చూస్తున్నారు. ఆ సంతోషంలో ఆయన నోరు ఆగలేదు. పట్టాలు ఎట్లా చేసిందీ, అద్దం ఎక్కడిదీ అన్నీ చెప్పుకుపోయాడు. "ఇంజను చూసిండ్రా? గది తుమ్మచేవ. ఏండ్లకు గాని గసుంటి చేవ దొరకది" అన్నాడు.

జనం వెనక నుంచి కొమురవ్వ ముందుకొచ్చింది. కర్ర మీద ఆనుకుని గూట్లోకి చూసింది. ఆ నల్లటి కర్రను తన చెలకలో తాను నీళ్లు పోసి పెంచింది.

"గిది ఎప్పుడు చేసినవ్ కొడకా?"

ఉప్పలయ్యకు అప్పుడు తెలివొచ్చింది. కానీ నోరు జారిపోయింది.

"నా నాగలి వాకిట్ల బోర్లవడి ఉన్నప్పుడేనా? నేను రోజొచ్చి అడిగినప్పుడేనా? ఆ యాడాది చొప్ప నమిలి బతికిన బిడ్డా. దొర పని అంటివి. దొర కొడుతడని నేను ఊకున్న. గిదా ఆ పని?"

ముసలమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చేతి కర్ర ఎత్తి గూట్లో ఒక్కటి పొడిచింది. గుట్ట కూలింది, రైలు పక్కకు పడింది. అడుగున చుట్ట జుయ్‌మని విప్పుకుపోయింది. సాయిలు గొడ్డలి దించి, "ఉప్పలన్నా, మిగిలింది నువ్వే కొట్టు. నీ చేతుల్తోని పెట్టినవ్, నీ చేతుల్తోనే తియ్యి. అప్పుడు నువ్వు మా మనిషివైతవ్" అన్నాడు. సాయిలు అన్నది అన్యాయమని ఉప్పలయ్య ఏనాడూ అనుకోలేదు. బాడిశ ఎత్తి పట్టాలు, చెట్లు, అద్దం అన్నీ కొట్టాడు. కొడుతూ కొడుతూ ఎడమ పిడికిట్లో ఇంజను మాత్రం బిగించుకున్నాడు. ఎవరూ చూడలేదు. సంఘం కట్టడి ఆ పిడికిట్లోనే తెగిపోయింది.

ఆ వారంలోనే కొమురవ్వకు కొత్త నాగలి చేసిచ్చాడు, గాటు పెట్టకుండా. గింజలు తీసుకోనన్నాడు. ఆమె నాగలి అటూ ఇటూ తిప్పి, "నాకు ధర్మం వద్దు, గాటు పెట్టు. పంటొస్తే కల్లం కాడికి రా" అంది. ఇంజను పనిముట్ల సంచి అడుగున గుడ్డలో చుట్టి ఉండేది. ఆయన దాన్ని తీసి చూసింది కూడా తక్కువే.

యూనియన్ సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయింది. పోయిందని ఊళ్లో అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే సైన్యం లారీల వెనకే దొర కూడా దిగాడు. దర్బారుకు పెట్టుకునే ఎర్ర టోపీ సందూకులో పడేసి నెత్తి మీద తెల్ల టోపీ పెట్టాడు, అంతకుమించి మారిందేమీ లేదు. గడిలో పోలీసు క్యాంపు పెట్టించాడు. సాయిలు అడవి పట్టాడు. ఊళ్లో ఇంటింటికీ సోదాలు మొదలయ్యాయి, గడి సొమ్ము ఎవరింట దొరికితే వాళ్లను గొడ్లను బాదినట్టు బాదారు.

ఉప్పలయ్య ఇంట్లో పనిముట్ల సంచి దులిపితే ఇంజను దొర్లింది.

తూర్పు గదిలోనే విచారణ. గూట్లో పగిలిన అద్దం ముక్క ఒకటి ఇంకా అతుక్కునే ఉంది. కోస్తా నుంచి వచ్చిన ఎస్సై ఇంజను బల్ల మీద పెట్టాడు. "ఏంట్రా ఇది? ఎవడి సొమ్ము?"

"నాదే సారూ. నేనే చేసిన."

"నీ మొహానికి ఇంజను చేస్తావా? ఇది విలాయతి సరుకని గడిలో అందరూ చెబుతున్నారు."

"నేనే చేసిన. మానుకోటల మజీదన్న ఉన్నడు, ఆయననడుగుండ్రి."

జవాన్లు అతని మాటను సాగదీసి వెక్కిరించి నవ్వారు. మానుకోటలో మజీద్ కొట్టు మూతపడిందట. సైన్యం వచ్చినప్పటి గొడవల్లో ఎటు పోయాడో, ఉన్నాడో లేడో తెలియదట. ఉప్పలయ్యను తలకిందులుగా కట్టి కొట్టారు. సాయిలు ఎక్కడున్నాడని ఒకసారి, ఇంజను ఎలా ఎత్తుకొచ్చావని ఒకసారి. సాయిలు ఎక్కడున్నాడో అతనికి నిజంగా తెలియదు. ఇంజను సంగతి మాత్రం ప్రతిసారీ ఒకటే చెప్పాడు, నేనే చేసిన అని.

కొన్నాళ్లకు దొర తానే వచ్చి కూర్చున్నాడు. ఇంజను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. పొట్ట కింద గాటు కనపడింది. కళ్లు చిట్లించి దగ్గరగా పెట్టుకున్నాడు, ఆ తర్వాత పకపకా నవ్వాడు.

"అరే ఉప్పలిగా! నాకే గాటు పెట్టినవారా? ఇగ కల్లం కాడికి వచ్చి నన్ను గింజలడుగుతవా?" ఎస్సై వైపు తిరిగాడు. "ఈ ఇంజను మావోడు చేసిందే సార్. తల్లి కడుపులనే పనితనం నేర్చి పుట్టిండు. విలాయతోడు గూడ గింత ముద్దుగ చెయ్యడు."

ఉప్పలయ్య చెవులు ఆ మాటను తాగాయి. మూడు నాలుగేళ్లు మూల నిలబడి ఎదురుచూసిన మాట అది. వీపు మీద దెబ్బలన్నీ ఒక్కసారి మాయమైనట్టయింది. సిగ్గులేని సంతోషంతో దొర కాళ్లకు మొక్కుదామా అని కూడా అనిపించింది.

"విడిచిపెట్టుండ్రి సార్" అన్నాడు దొర. "మిరుగానికి పెద్ద ఆఫీసర్లు విందుకొస్తుండ్రు. గూడు బోసిగ ఉంటే బాగుండది. ఏంరా, రేపటి సంది వచ్చి మొదలువెడుతవా? ఈసారి వాగు మీద వంతెన గూడ పెట్టు. నువ్వే నిలవడి కీ ఇయ్యాలె."

మిరుగం. ఉప్పలయ్యకు తన వాకిలి కళ్లకు కట్టింది. మళ్లీ నాగండ్లు వచ్చి పడి ఉంటాయి. కొమురవ్వ నాగలి కర్రు వదులైందని తనను పట్టుకునే ముందే తెచ్చి పెట్టింది, జవాన్లు ఈడ్చుకొచ్చేటప్పుడు అది వాకిట్లో బోర్లా ఉంది. జైలుకు పోయినా అది అక్కడే పడి ఉంటుందని అతనికి తెలియకపోలేదు. కానీ ఈసారి ఆ ముసలమ్మ వచ్చి అడిగితే దొర పని అని మాత్రం చెప్పబోడు. ఒక్క మాట, అవును దొరా అంటే చాలు, ఇంటికి పోతాడు. ఆ మాట వెనక ఆ మూల, ఆ కీ, ఆ నవ్వులు అన్నీ క్యూ కట్టి నిలబడి ఉన్నాయి. చేసింది తాను కాదంటే మాత్రం మళ్లీ చెయ్యమనే వీలుండదు.

"నేను చెయ్యలేదు" అన్నాడు.

ఎస్సై ఉలిక్కిపడ్డాడు. "ఇన్నాళ్లూ చేశానని చచ్చావు కదరా!"

"దెబ్బలకు ఓర్వలేక అబద్ధం చెప్పిన సారూ. గంత పనితనం నాకేడిది? గది విలాయతి నుంచి వచ్చింది. దొరనే అందరికి చెప్పిండు, దొర అబద్ధమాడుతడా? నేను దొంగతనం చేసిన."

దొర మొహం నల్లబడింది. "మరి గాటేందిరా లంగా?"

"ఎత్తుకపోయినంక నేనే పెట్టిన. నాదని చెప్పుకునేటందుకు."

ఇంజను వైపు మాత్రం ఉప్పలయ్య చూడలేదు. చూసి ఉంటే ఆ మాట నోట వచ్చేది కాదు. కన్నబిడ్డను కాదన్నవాడికి ఎలా ఉంటుందో అతనికి అలాగే ఉంది.

దొంగతనం కింద వరంగల్లు జైలుకు పంపారు. సంఘం వాళ్లు ఒక వైపు ఉండేవాళ్లు, జెండా పాటలు పాడేవాళ్లు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవాళ్లు. ఉప్పలయ్య దొంగల వైపు ఉన్నాడు. అక్కడుండగానే సాయిలును కొత్తగూడ అడవుల్లో కాల్చి చంపారని విన్నాడు. తాను దొంగనని ఎందుకు ఒప్పుకున్నాడో సాయిలుకు చెప్పుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాడు, ఆ అవకాశం కూడా లేకుండా పోయింది. విడుదలై వచ్చేసరికి పోరాటం ఆగిపోయింది. గడిలో దొర ఉన్నాడు, గూట్లో మళ్లీ దీపం ఉంది, ఇంజను కోర్టు సరుకులో ఎక్కడ పడిపోయిందో ఎవరికీ తెలియదు.

"ఒక్క మాట అంటే ఇంటికొస్తుంటివి గద" అంది యాకమ్మ. రోజూ అన్నం వడ్డిస్తూ అదే మాట అనేది. ఆయన తలొంచుకుని ముద్ద కలుపుకునేవాడు.

కొమురవ్వ అప్పటికే చనిపోయింది. ఉప్పలయ్య మళ్లీ నాగండ్లు చేశాడు, గాట్లు పెట్టాడు. పంట కోతలయ్యాక కల్లాల దగ్గరికి బయల్దేరాడు. మొదటి కల్లంలోనే పోశాలు అనే పడుచు రైతు నాగలి తిరగేసి, గాటు మీద వేలు పెట్టి అందరికీ వినపడేలా అన్నాడు:

"ఉప్పలన్నా, గీ గాటు చేసినప్పుడు పెట్టినవా, ఎత్తుకపోయినంక పెట్టినవా?"

కల్లం కల్లమంతా పడి పడి నవ్వింది. గడిలో ఉప్పలయ్య చెప్పిన మాట జవాన్ల నోట ఊళ్లోకి ఎప్పుడో వచ్చేసింది. ఆనాడు గూటి ముందు ఆయన చెప్పింది నమ్మినవాళ్లు కూడా ఇప్పుడు దీన్నే నమ్మారు. పోశాలుకు పాపం కడుపులో కుళ్లేమీ లేదు, నవ్వుతూనే చాటెడు గింజలు పోయబోయాడు. ఉప్పలయ్య కూడా నవ్వాడు. గోనె దులిపి భుజాన వేసుకుని, గింజలు తీసుకోకుండానే ఇంటికి నడిచాడు. దారి పొడుగునా పిల్లలు ఇంజనుదొంగ, ఇంజనుదొంగ అని వెంటపడ్డారు. జైలు నుంచి వచ్చాక ఇంజనుకూ తనకూ ముడిపెట్టి ఆ ఊళ్లో ఎవరైనా అన్న మాట అదొక్కటే. ఆ తర్వాత ఆయన చనిపోయేదాకా చేసిన ఏ నాగలికీ గాటు లేదు.